ఐదు పెట్టలకు ఒక పుంజు అవసరమా?

ప్రశ్న: పెరట్లో ఐదు పెట్టలున్నాయి, గుడ్లు బాగానే పెడుతున్నాయి. పుంజు లేకపోతే కొన్నాళ్లకు గుడ్లు ఆగిపోతాయని, పుంజు తొక్కిన గుడ్డుకే బలం ఎక్కువని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. పక్కింటి గోడ పది అడుగుల దూరంలోనే ఉంది. పుంజును తెచ్చుకోమంటారా?

జవాబు: వద్దండీ. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజుతో పని లేదు. వయసు, దాణా, రోజుకు 14 గంటలకు తగ్గని వెలుతురు ఉంటే చాలు. తినడానికి ఏ గుడ్డైనా ఒకటే. పుంజు తొక్కిన గుడ్డును పొదిగిస్తే పిల్ల కడుతుంది, అంతే తేడా.

కూత కంటే పెద్ద ఇబ్బంది పెట్టల సంఖ్య. ఒక పుంజుకు 8 నుంచి 12 పెట్టలుండాలి. ఐదే ఉంటే వాటినే పదేపదే తొక్కుతుంది. అందులోనూ ఒకటి రెండింటి వెంటే ఎక్కువగా పడుతుంది. వాటికి మెడ వెనక, వీపు మీద ఈకలు ఊడిపోతాయి, పుంజు కాలి ముళ్లు గీసుకుని పక్కల చర్మం చీలుతుంది. రక్తం కనబడితే తోటి పెట్టలు కూడా అక్కడే పొడుస్తాయి. ఇలా దెబ్బతిన్న పెట్టను వెంటనే వేరు చేయకపోతే చచ్చిపోవచ్చు కూడా.

ఇక కూత. గూటిని చీకటి చేస్తే ఆగుతుందని కొందరు గాలి కూడా ఆడకుండా మూసేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. పుంజును లేపేది వెలుతురు ఒక్కటే కాదు, దాని ఒంట్లోనే ఒక గడియారం ఉంది. తెల్లవారకముందే మొదలుపెట్టి పగలంతా కూస్తూనే ఉంటుంది.

గద్ద కనబడితే అరిచి పెట్టలను దాక్కోమంటుంది, నిజమే. రాత్రి వచ్చే పిల్లికి, ముంగిసకు మాత్రం గట్టి గడియ ఉన్న తలుపే కావాలి.

పిల్లలు కావాలనిపిస్తే పుంజు ఉన్న మంద నుంచి, పెట్టి వారం దాటని గుడ్లు పది దాకా తెచ్చి పొదుగుకు కూర్చున్న పెట్ట కింద పెట్టండి. ఏడో రోజు రాత్రి టార్చి వెలుతురులో చూడండి. సాలెగూడులా రక్తనాళాలు కనబడితే పిల్ల కట్టినట్టే, ఏమీ లేకుండా తేటగా ఉన్నవి తీసేయండి. 21వ రోజుకు పిల్లలవుతాయి. వాటిలో సుమారు సగం పుంజులే ఉంటాయి కాబట్టి వాటిని ఏం చేయాలో గుడ్లు పెట్టకముందే తేల్చుకోండి.

ప్రశ్న: పద్నాలుగు పెట్టలతో పాటు ఒక పుంజు ఉంది. అన్నింటికీ లేయర్ దాణానే (గుడ్లు పెట్టే కోళ్ల మేత) వేస్తున్నాం. ఈ పుంజును మార్చి వేరే జాతి పుంజును తేవాలనుకుంటున్నాం. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: లేయర్ దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. గుడ్డు పెట్టని పుంజుకు ఒక శాతం సరిపోతుంది, మిగిలినదంతా మూత్రపిండాలకు భారం. అందుకే అన్నింటికీ గ్రోవర్ దాణా (ఎదిగే కోళ్ల మేత) వేసి, ఆల్చిప్పల ముక్కలు వేరే గిన్నెలో పెట్టండి. పెట్టలు తమకు కావలసినంత అవే తింటాయి.

కొత్త పుంజును తేగానే మందలో వదలకండి, మూడు నాలుగు వారాలు దూరంగా ఉంచి జబ్బులేమైనా ఉన్నాయేమో చూడండి. పాత పుంజును ఈలోపే తీసేయండి. దాని బీజం పెట్టల్లో రెండు వారాలకు పైగా నిలిచి ఉండగలదు. కొత్త జాతి పిల్లలే కావాలంటే, పాతది వెళ్లిన మూడు వారాల తర్వాత కొత్తదాన్ని వదిలి, మరో వారం ఆగి పొదుగుకు గుడ్లు ఏరండి.