జీపీ సర్జరీలో హెల్త్‌కేర్ అసిస్టెంట్: డిగ్రీ చదివిన అమ్మాయి చేరొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చదివింది. పెళ్లయ్యాక ఇంగ్లండ్ వెళ్లింది. అల్లుడిది స్కిల్డ్ వర్కర్ వీసా, అమ్మాయిది డిపెండెంట్ వీసా. ఇంటి దగ్గర్లో ఉన్న జీపీ సర్జరీలో హెల్త్‌కేర్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు పెడతానంటోంది. 'డిగ్రీ చదివి ఆయా పనా?' అని మా బంధువులు అంటున్నారు. ఇందులో చేరితే తర్వాత నర్సు కావచ్చా? మా తమ్ముడి కూతుర్ని కూడా ఇదే ఉద్యోగానికి ఇక్కడి నుంచి పంపిస్తానని ఓ ఏజెంటు వెంటపడుతున్నాడు. నమ్మొచ్చా? - ఓ తండ్రి

జవాబు: ఇది ఆయా పని కాదండీ. అలాగని నర్సు పనీ కాదు. ఈ రెండింటిలో ఏదో ఒకటి అనుకుని చేరినవాళ్లే తర్వాత ఇబ్బంది పడతారు.

జీపీ సర్జరీ అంటే బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్ఎస్ కింద ఆ చుట్టుపక్కలవాళ్లు పేరు నమోదు చేసుకునే ఫ్యామిలీ డాక్టరు క్లినిక్. అక్కడ వార్డులూ పడకలూ ఉండవు. కాబట్టి రోగులకు స్నానం చేయించడం, పక్కబట్టలు మార్చడం లాంటివి ఈ ఉద్యోగంలో దాదాపు తగలవు. అవి ఆసుపత్రి వార్డులోనో, కేర్ హోమ్‌లోనో చేరితే ఉంటాయి (అవి చేసేవాళ్లను చిన్నచూపు చూడటం మన జబ్బు, అది వేరే సంగతి). ఇక్కడ మీ అమ్మాయి పేరు మీదే అపాయింట్‌మెంట్లు పడతాయి. పిలిచిన మనిషి వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంటారు.

పొద్దుటి పూట ఎక్కువగా రక్త నమూనాలే. ల్యాబ్‌కు తీసుకెళ్లే బండి వచ్చేలోపు అవి సిద్ధంగా ఉండాలి. సూది గుచ్చడం కొన్నాళ్లకు చేతికి అలవాటవుతుంది, అసలు జాగ్రత్త ట్యూబుల దగ్గర కావాలి. కిడ్నీ పరీక్షలకు వెళ్లే బంగారు రంగు మూత ట్యూబు ముందు నింపాలి, హెచ్‌బీఏ1సీకి, అంటే రెండు మూడు నెలల సగటు షుగరు పరీక్షకు వెళ్లే ఊదా రంగు మూతది తర్వాత. వరస తప్పితే ఊదా ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే పొటాషియం ఈడీటీఏ అనే రసాయనం కాస్త బంగారు రంగు మూత ట్యూబులో కలిసి, ఏ జబ్బూ లేని మనిషికి పొటాషియం విపరీతంగా పెరిగిందని రిపోర్టు రావచ్చు. ఆ కంగారులో ఆయన్ను రాత్రికి రాత్రి ఆసుపత్రికి పంపినా పంపుతారు. ఇలా ఎందుకవుతుందో మైక్రోబయాలజీ చదివిన పిల్లకు ఒక్కసారి చెబితే చాలు. డిగ్రీ వృథా అన్నవాళ్లకు ఈ మాట చెప్పండి.

మిగతా సమయంలో బీపీ చూడటం, ఈసీజీ తీయడం, మూత్ర పరీక్ష, చిన్న గాయాలకు డ్రెస్సింగ్ ఉంటాయి. శిక్షణ అయ్యాక, మధుమేహులకు పాదాల్లో స్పర్శ ఉందో లేదో 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ తీగతో తాకి చూడటం కూడా. 40 నుంచి 74 ఏళ్ల మధ్య ఉండి, గుండె జబ్బు, షుగరు లాంటివి బయటపడనివారిని అయిదేళ్లకోసారి ఎన్‌హెచ్ఎస్ హెల్త్ చెక్‌కు పిలుస్తారు. చాలా చోట్ల అది అసిస్టెంట్ల చేతి మీదుగానే నడుస్తుంది. ఈ పనిలో కాస్త లోకజ్ఞానం కావాలి. దక్షిణాసియా మూలాలున్నవారికి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 23 నుంచే అధిక బరువు కింద లెక్క, మిగతావారికి 25. మన పోలికలున్న ఓ పెద్దాయన 24తో వచ్చి 'నాకేం ఢోకా లేదు' అంటే నొప్పించకుండా నచ్చజెప్పాలి.

ఇక ఈ ఉద్యోగంలో అసలు కష్టం ఏమిటంటే, తెలిసినా ఆగడం. ఒకరికి బీపీ 180/120 దాటిందనుకోండి. మళ్లీ చూడాలి, రాసుకోవాలి, ఆయన్ను ఇంటికి పంపకుండా వెంటనే నర్సుకో డాక్టరుకో చెప్పాలి. 'ఈ మాత్ర డోసు పెంచుకోండి' అనే మాట ఆమె నోట రాకూడదు. ఫ్లూ టీకా వేయొచ్చు, కానీ మామూలుగా ఫలానా మనిషికి వేయమని ప్రిస్క్రైబర్, అంటే మందులు రాసే అధికారం ఉన్నవారు, పేరుపేరునా రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చాకే. నర్సుల్లా అందరికీ కలిపి ఉన్న ఉమ్మడి అనుమతి మీద వేసే వీలు అసిస్టెంట్లకు లేదు, వీళ్లకు నర్సుల్లా వృత్తి మండలిలో రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి. చదువుకున్న పిల్లలకు ఈ గీత దగ్గరే చిరాకు పుడుతుంది. మీ అమ్మాయికి ఆ నిదానం ఉందో లేదో మీకంటే ఆమెకే బాగా తెలుస్తుంది, అడిగి చూడండి.

డిగ్రీ అవసరం లేదు, ఇంగ్లిష్, లెక్కలు వస్తే చాలంటారు. చేరాక 2015లో మొదలైన కేర్ సర్టిఫికెట్ అనే ప్రాథమిక శిక్షణ చేయిస్తారు, రక్తం తీయడం లాంటివి విడిగా నేర్పుతారు. ఖాళీలు ఎన్‌హెచ్ఎస్ జాబ్స్ వెబ్‌సైట్లో పడతాయి. ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ అనే నేరచరిత్ర తనిఖీ ఉంటుంది, ఇండియా నుంచి పోలీసు క్లియరెన్స్ కూడా అడగొచ్చు. హెపటైటిస్-బి టీకా ఎప్పుడు వేయించారో కాగితం ఉంటే మీరే వెతికి పంపండి, పని తేలికవుతుంది.

జీతం దగ్గర ఒక మెలిక ఉంది. జీపీ సర్జరీలు చాలావరకు డాక్టర్ల భాగస్వామ్యంతో నడిచే సొంత సంస్థలు, ఎన్‌హెచ్ఎస్‌తో కాంట్రాక్టు ఉంటుంది. ఆసుపత్రుల్లోని జీతాల బ్యాండ్లు వీటికి తప్పనిసరి కాదు. చట్టం ప్రకారం కనీస వేతనం మాత్రం ఇవ్వాల్సిందే (2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవారికి అది గంటకు 12.21 పౌండ్లుగా ఉండేది). దానికి పైన ఎంతన్నది సర్జరీ ఇష్టం. ఎన్‌హెచ్ఎస్ పెన్షన్ మాత్రం ఇక్కడి సిబ్బందికీ వర్తిస్తుంది. రాత్రి డ్యూటీలు ఉండవు. ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు, 'నా పనిని ఎవరు పర్యవేక్షిస్తారు? శిక్షణ సమయానికి జీతం ఇస్తారా?' అని అడగమనండి. తడబడుతూ జవాబిచ్చే చోట చేరకపోవడం మేలు.

నర్సు విషయానికొస్తే, ఎన్నేళ్లు పనిచేసినా అనుభవంతోనే నర్సు కాలేరు. దారి మాత్రం ఉంది. అసిస్టెంటుకూ నర్సుకూ మధ్య నర్సింగ్ అసోసియేట్ అనే మెట్టు ఒకటుంది. మామూలుగా రెండేళ్ల ఫౌండేషన్ డిగ్రీ, అప్రెంటిస్‌షిప్‌గా చేస్తే జీతం తీసుకుంటూనే చదవొచ్చు. 2019 నుంచి వీళ్లను నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిలే రిజిస్టర్ చేస్తోంది. అక్కడి నుంచి ఇంకా చదివి నర్సు కావచ్చు. అయితే సర్జరీ యాజమాన్యం ముందుకొచ్చి పంపాలి, పైగా అప్రెంటిస్‌షిప్‌కు ప్రభుత్వ నిధులు అందాలంటే సాధారణంగా అక్కడ మూడేళ్ల నివాసం ఉండాలి. కాబట్టి మొదటి ఏడాదే ఆశ పెట్టుకోవద్దు. మనుషుల కంటే మైక్రోస్కోపే ఇష్టమైతే ఆసుపత్రి ల్యాబుల్లో మెడికల్ లేబొరేటరీ అసిస్టెంట్ ఖాళీలు చూడమనండి, ఆమె చదువుకు అదే దగ్గర.

మీ తమ్ముడి కూతురి సంగతి వేరు. డిపెండెంట్ వీసా కాబట్టి మీ అమ్మాయికి స్పాన్సర్, అంటే వీసా కోసం పూచీ పడే యజమాని, అక్కర్లేదు. ఆ అమ్మాయికి కావాలి. విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకునే దారిని బ్రిటన్ 2025 జులై 22న మూసేసింది. అదే రోజు నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు, కొన్ని మినహాయింపులు తప్ప, డిగ్రీ స్థాయి ఉద్యోగమే ఉండాలన్న నిబంధన వచ్చింది. అభ్యర్థికి డిగ్రీ ఉంటే సరిపోదు, ఉద్యోగమే ఆ స్థాయిదై ఉండాలి. హెల్త్‌కేర్ అసిస్టెంట్ ఆ స్థాయిలోకి రాదు. ఏజెంటు చేతిలో స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఉందన్నా సరే, ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు దాచుకుని పోలీసులకు ఫిర్యాదు చేయండి.