కొండ దిగే బ్రేకుల మీద ఆరు లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది అనకాపల్లి. రికరింగ్ డిపాజిట్ గడువు తీరి ఆరు లక్షలు చేతికొచ్చాయి. అమ్మాయి పదో తరగతి చదువుతోంది, ఇంటర్ కాగానే ఇంజినీరింగ్‌లో చేర్చాలి. కార్లలో వచ్చే హిల్ డిసెంట్ కంట్రోల్‌కు మార్కెట్ బాగా పెరుగుతుందని ఒక నివేదికలో చదివాను. వాటిని తయారుచేసే కంపెనీల షేర్లు షేర్లు ఉంచే తన డీమ్యాట్ ఖాతాలో కొంటానని మా బావమరిది అంటున్నాడు. మంచిదేనా?

జవాబు: వద్దండి. ఆ సదుపాయంలో లోపమేమీ లేదు. దాని మీద వచ్చే లాభం మీదాకా చేరే దారే సరిగా లేదు.

ముందు మీరు కొనాలనుకుంటున్నదేమిటో చూద్దాం. బురదగానో రాళ్లతోనో ఉన్న ఏటవాలు దారిలో మీట నొక్కి పెడల్ మీది నుంచి కాలు తీసేస్తే, బండి తనంతట తానే ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసుకుంటూ నెమ్మదిగా దిగుతుంది. కింద ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) పంపు గరగరలాడుతుంటే కొత్తవాళ్లు ఏదో విరిగిందని కంగారు పడతారు. 1997లో ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్‌తో ఇది మొదలైంది. ఇక్కడ మారుతి జిమ్నీ, మహీంద్రా థార్ వంటి బండ్లలో కనిపిస్తుంది. (పాడేరు ఘాట్‌లో తారు రోడ్డు మీద దిగడానికి మాత్రం రెండో గేరే చాలు. దీనికోసం ఖరీదైన వేరియంట్ కొననక్కర్లేదు.)

అసలు సంగతి ఇక్కడుంది. దీనికంటూ బండిలో పెద్దగా వేరే యంత్రమేమీ ఉండదు. ఏబీఎస్, ఈఎస్‌సీ (బండి జారి అదుపు తప్పకుండా చూసే వ్యవస్థ) కోసం ఎలాగూ ఉండే పంపును, సెన్సర్లను వాడుకునే సాఫ్ట్‌వేర్ ఇది. ఈఎస్‌సీ ఉన్న బండికి దీన్ని జోడించడానికి అయ్యే అదనపు ఖర్చు తక్కువ. రేపు ప్రతి ఎస్‌యూవీలోనూ వచ్చిందనుకోండి, అప్పుడు కార్ల కంపెనీలు దానికి విడిగా డబ్బు ఇవ్వడానికి ఒప్పుకోవు. బండ్ల సంఖ్య పెరిగినంత వేగంగా రాబడి పెరగదు. నివేదికల్లో గీతలు పైకి లేస్తుంటే ఈ మాట ఎవరికీ గుర్తుకు రాదు.

పోనీ, తయారీదారుల షేర్లయినా దొరుకుతాయా? ఈ బ్రేకు వ్యవస్థల్లో దిగ్గజాలైన జర్మనీ కంపెనీలు రాబర్ట్ బాష్, జెడ్‌ఎఫ్ రెండింటిలోనూ అధిక వాటా ధర్మసంస్థలదే. ఆ మాతృసంస్థల షేర్లు ఏ స్టాక్ ఎక్స్ఛేంజీలోనూ ఉండవు. మన చెన్నైలోని బ్రేక్స్ ఇండియా కూడా లిస్ట్ కాలేదు. మన ఎక్స్ఛేంజీల్లో దొరికే బాష్ లిమిటెడ్‌కు చాలాకాలంగా ప్రధాన బలం డీజిల్ ఇంధన వ్యవస్థలు. జెడ్‌ఎఫ్ కమర్షియల్ వెహికల్ కంట్రోల్ సిస్టమ్స్ ఇండియాది లారీలు, బస్సుల బ్రేకుల వ్యాపారం. పేరు చూసి ఆ షేర్లు కొంటే మీరు చదివిన నివేదికకూ మీ పెట్టుబడికీ చుట్టరికం దాదాపు ఉండదు.

ఇక గడువు. మీకున్నది మూడేళ్లు కూడా కాదు. ఆటో రంగం షేర్లు మందగమనంలో 40 శాతం పడితే, కొన్న ధరకు రావడానికే అక్కడినుంచి దాదాపు 67 శాతం పెరగాలి. ఆలోపు కాలేజీ ఫీజు గడువు వచ్చేస్తే నష్టానికే అమ్ముకోవాలి.

నేనైతే అయిదు లక్షలను రెండు బ్యాంకుల్లో సగం సగం ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేస్తాను. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే వర్తిస్తుంది, అందుకే రెండు బ్యాంకులు. అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది చివర్లో ఒకటి, కౌన్సెలింగ్ సమయానికి రెండోది చేతికొచ్చేలా గడువులు పెట్టండి. మిగిలిన లక్ష అత్యవసరాలకు సేవింగ్స్ ఖాతాలోనే ఉండనివ్వండి. షేర్ల ముచ్చట తీర్చుకోవాలంటే ఇకపై నెలజీతంలో మిగిలేదానితో, యాభై పెద్ద కంపెనీల షేర్లలో డబ్బు పెట్టే నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో చిన్న సిప్ (నెలనెలా కొంత మొత్తం పెట్టే పద్ధతి) మొదలుపెట్టండి. అదీ కనీసం ఏడెనిమిదేళ్లు ముట్టుకోననుకుంటేనే.

బావమరిది ఖాతా సంగతి. ఆయన ఎంత మంచివాడైనా ఆ పని చేయకండి. డబ్బు మీదైనా రికార్డుల్లో షేర్ల యజమాని ఆయనే. లాభం మీద పన్ను నోటీసు ఆయన పాన్‌కే వెళ్తుంది. ఆయనకు ఏదైనా జరిగితే షేర్లు ఆయన నామినీ చేతికి వెళ్తాయి. డీమ్యాట్ కావాలంటే ఆధార్, పాన్‌తో మీ పేరునే తెరవండి, నామినీగా మీ శ్రీమతి పేరు రాయండి.