ఒకే ఆస్కార్ వేడుక కొందరికి పండగ, కొందరికి విసుగు: ఎందుకింత తేడా?

ఒకే కార్యక్రమం చూసి ఒకరు "అదిరింది" అంటే, ఇంకొకరు "మూడున్నర గంటలు దండగ" అంటారేంటని అడిగారు. మా ఇంట్లో 2023 ఆస్కార్ చూసిన అనుభవంతో చెబుతాను. ఎవరు దేనికోసం ఎదురుచూస్తూ కూర్చున్నారన్న దాన్నిబట్టే అభిప్రాయం మారిపోతుందని నాకు అప్పుడే అర్థమైంది.

లాస్ ఏంజెలెస్‌లో మార్చి 12 సాయంత్రం, మనకు సోమవారం తెల్లవారుజామున ఐదున్నర. హాట్‌స్టార్ పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. నాన్నగారికి కీరవాణి గారి పేరు వినపడితే చాలు. అందాకా ఏ విభాగం వచ్చినా "ఇంకెంతసేపురా?" అనడమే.

రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ 'నాటు నాటు' పాడాక థియేటరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అన్నయ్య కళ్ళు తుడుచుకున్నాడు. పక్కనే అక్క కూతురు మొహం ముడుచుకుంది. "ముందు నిలబడి ఆడినవాళ్ళిద్దరూ మనవాళ్ళు కారేంటి మామయ్యా?" అంది. అది డాన్స్ నేర్చుకునే పిల్ల. అమెరికాలోని దక్షిణాసియా డాన్సర్లు కూడా తర్వాత ఇదే ప్రశ్న వేశారు. పాటకు దక్కిన గౌరవం చూసి అన్నయ్య పొంగిపోయాడు, ఆ స్టేజి మీద తనలాంటివాళ్ళకి చోటు కనపడక అది నొచ్చుకుంది. ఇద్దరిదీ న్యాయమే. యాంకర్ జిమ్మీ కిమ్మెల్ 'బాలీవుడ్' అన్నప్పుడు మాత్రం అందరికీ ఒకేసారి ఒళ్ళు మండింది. తెలుగు సినిమాని తెలుగు సినిమా అనడానికి ఏం కష్టం?

నా బాధ వేరే. 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'కి లఘు డాక్యుమెంటరీ అవార్డు వచ్చింది. ముదుమలై అడవిలో తల్లికి దూరమైన ఏనుగు పిల్లని సాకిన బొమ్మన్, బెల్లి దంపతుల కథ. దర్శకురాలు కార్తికీ గోన్సాల్వెస్ మాట్లాడారు. నిర్మాత గునీత్ మోంగా నోరు తెరిచేలోపే, ఇక చాలు దిగిపొమ్మని వేసే మ్యూజిక్ మొదలైపోయింది. "మంచిదేలే, త్వరగా ముందుకెళ్తుంది" అన్నారు నాన్నగారు. నాకు చాలా కోపం వచ్చింది. పెద్ద హీరోలకి మాట్లాడటానికి వేదికలు బోలెడు. చిన్న సినిమా తీసినవాళ్ళకి ఆ మైకు మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం ఏముంది? తర్వాత ఓ ఆదివారం నాన్నగారిని కూర్చోబెట్టి ఆ సినిమా చూపించాను. అయిపోయాక, "పాపం, ఆ అమ్మాయిని కూడా మాట్లాడనివ్వాల్సింది" అన్నారు.

వేడుక సాగదీస్తున్నారన్న ఫిర్యాదు కొత్తదేం కాదు. టైటానిక్ గెలిచిన 1998లో అమెరికాలో ఐదున్నర కోట్ల మంది చూస్తే, 2021కి ఆ సంఖ్య కోటి చిల్లరకి పడిపోయింది. ఆ కంగారులో 2022లో 23 విభాగాల్లో ఎనిమిదింటిని ప్రసారానికి ముందే ఇచ్చేసి, కత్తిరించిన ముక్కల్ని మధ్యమధ్యలో చూపించారు. ఎడిటింగ్, సౌండ్, నేపథ్య సంగీతం, లఘు డాక్యుమెంటరీ అన్నీ అందులోవే. ఎడిటింగూ సౌండూ లేకుండా సినిమా ఎక్కడుంది? పోనీ సమయమైనా కలిసొచ్చిందా అంటే, ఆ ఏడు కూడా షో మూడున్నర గంటలు దాటింది. 2023లో మళ్ళీ అన్నిటినీ లైవ్‌లోకి తెచ్చారు. లేకపోతే ఆ ఏనుగుల సినిమా గెలవడం కూడా మనం ముక్కలుగానే చూసేవాళ్ళం.

చూసే పద్ధతి కూడా ఉంది. వదిన ఆఫీసుకెళ్ళిపోయి సాయంత్రం ఫోన్లో క్లిప్పులు చూసింది. కార్పెంటర్స్ అనే అమెరికన్ బ్యాండ్ పాట బాణీలో కీరవాణి గారు పాడిన కృతజ్ఞతలు, చంద్రబోస్ గారి 'నమస్తే', అంతే. "ఇంత బావుంటే మీరెందుకు విసుక్కున్నారు?" అని ఆశ్చర్యపోయింది. ప్రకటనలు, ఎప్పుడూ వినని సినిమాల పేర్లు ఆమె దాకా రాలేదు మరి. ఇది తిరగబడటమూ ఉంది. 2022 ఆస్కార్ అంటే నటుడు విల్ స్మిత్ స్టేజి మీద క్రిస్ రాక్‌ని కొట్టిన చెంపదెబ్బ తప్ప ఇంకేం గుర్తులేనివాళ్ళే ఎక్కువ, వాళ్ళలో చాలామంది చూసింది ఆ ఒక్క క్లిప్పే.

ఈసారి మీరు పూర్తిగా చూడాలనుకుంటే, ముందు వారం నామినేషన్ వచ్చిన లఘు చిత్రాలు రెండు మూడైనా చూసిపెట్టుకోండి. ఒక్కొక్కటి నలభై నిమిషాలు మించదు, కొన్ని ఓటీటీలోనే దొరుకుతాయి. అవి చూసి ఉంటే, మిగతావాళ్ళు టీ పెట్టుకోవడానికి లేచే సమయంలో మీరు కవరు ఎప్పుడు విప్పుతారా అని చూస్తుంటారు.