పతకాలు గెలిచిన విలుకాడు మంచి కోచ్ కాగలడా?

విలువిద్యలో కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) విభాగంలో జాతీయ పతకాలున్న మీ తమ్ముడు పోటీలు మాని విజయవాడలో కోచ్‌గా స్థిరపడాలనుకుంటున్నాడనీ, ఆ పతకాలు సరిపోతాయా అనీ అడిగారు. నేనూ కొన్నేళ్లు కాంపౌండ్‌లో పోటీపడి, ఇప్పుడు ఈ ఊళ్లోనే పిల్లలకు నేర్పుతున్నాను. పతకం చూసి తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొస్తారు. వాళ్లు నిలిచేది మాత్రం నేర్పే తీరును బట్టే.

ఏళ్ల తరబడి సాధన చేసిన విలుకాడి చెయ్యి తనంతట తానే దవడ కింద ఒకే చోటికి చేరుతుంది, వీపు కండరాలు పని అందుకుంటాయి, బాణం వెళ్లిపోతుంది. 'ఎలా వదిలారు సార్?' అని పదేళ్ల పాప అడిగితే మాత్రం చాలామందికి మాట రాదు. ఆ పాపకు ఏ కన్ను బలమైనదో, లాగడానికి ఎన్ని పౌండ్ల బలం పట్టే విల్లు తగునో, ఎదిగేకొద్దీ డ్రా లెంగ్త్ (నారిని వెనక్కి లాగే దూరం) ఎప్పుడు మార్చాలో తేల్చాల్సింది కోచే. తొందరపడి లాగడానికి ఎక్కువ బలం పట్టే విల్లు చేతికిచ్చి పిల్లల భుజాలు పాడుచేసినవారిని చూశాను. వారిలో పతకాలు గెలిచినవారూ ఉన్నారు.

మీ తమ్ముడికి ఇంకో చిక్కు కూడా ఉంది. కాంపౌండ్‌లో కప్పీల విల్లును రిలీజ్ ఎయిడ్‌తో (నారిని పట్టి వదిలే చేతి పరికరం) లాగి 50 మీటర్ల దూరంలో గురి చూస్తాం. కొసలు ముందుకు వంగి, కప్పీలు లేని విల్లుతో ఆడే రికర్వ్‌లో దూరం 70 మీటర్లు, నారిని వేళ్లతోనే వదలాలి, బాణాన్ని పూర్తిగా లాగగానే టక్కుమనే క్లిక్కర్ చప్పుడుకు లయ కుదరాలి. రెండూ అడిగే పిల్లలు వస్తారు కనుక, రికర్వ్ దగ్గర ఆయన మళ్లీ విద్యార్థి కావలసిందే.

మన ఊళ్లో ఈ దారిలో నడిచిన చెరుకూరి లెనిన్ అంతర్జాతీయ పోటీల్లో ఆడి, చిన్న వయసులోనే కోచ్ అయ్యారు. 2010లో రోడ్డు ప్రమాదంలో ఆయన మరణించాక తండ్రి సత్యనారాయణ వోల్గా ఆర్చరీ అకాడమీని కొనసాగించారు. అక్కడ శిక్షణ పొందిన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్ రికర్వ్ మిశ్రమ జట్టు పోటీలో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానం దాకా వెళ్లాడు.

ప్రభుత్వ కోచ్ ఉద్యోగం మనసులో ఉంటే ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా ముందే చేయించండి. సొంతంగా పెట్టుకుంటే మొదట్లో ఫీజుల మీద ఇల్లు గడవదు. మైదానం అద్దె, టార్గెట్ బట్రెస్‌లు (లక్ష్యం అతికించే దిమ్మలు), విరిగే బాణాలే చాలా మింగేస్తాయి. కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో చేరింది కాబట్టి, ఆయన అనుభవానికి గిరాకీ ఉంటుందనే నా అంచనా. ముందు ఏదైనా అకాడమీలో సహాయకుడిగా ఒక సీజన్ పనిచేసి చూడమనండి.