ఒకే అక్షరాలున్నంత మాత్రాన చుట్టాలు కారు

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. ఇంగ్లీషులో డబ్ల్యూ, ఆర్ అనే రెండక్షరాలతో మొదలయ్యే మాటలన్నిటికీ మూలంలో మెలితిప్పడం అనే అర్థం ఉందని వాదించావు. అందులో కొంత నిజం, కొంత ఊహ. నిజమైన భాగం నువ్వు ఇంకా బాగా రాయగలవు.

రిస్ట్ అంటే చెయ్యి మెలితిరిగే చోటు. రీత్ (wreath) అంటే కొమ్మలనూ పూలనూ మెలిపెట్టి చుట్టినది. తడిబట్ట పిండడానికీ, కుస్తీ పట్టడానికీ, మరలు బిగించే పానాకూ ఇంగ్లీషులో ఉన్న మాటలు (wring, wrestle, wrench) కూడా ఆ కోవలోవే. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రాంగ్. సుమారు వెయ్యేళ్ల కిందట స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడినవారి భాషలోంచి అది ఇంగ్లీషులో చేరింది. అప్పుడు దాని అర్థం వంకర. దానికి ఎదురుమాట అయిన రైట్‌కు పాత అర్థం తిన్ననిది. మన ఇళ్లలో పెద్దవాళ్లు ‘తిన్నగా ఉండు’ అనడం, ‘వంకర బుద్ధి’ అని తిట్టడం గుర్తుచేసుకో. ఎంత దూరపు భాషలు, ఎంత దగ్గరి ఆలోచన! దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. ఇక్కడ ఆగాలి.

రాయడం అనే అర్థమున్న రైట్‌ను (write) కూడా ఈ గుంపులో కలిపావు. కలం తిప్పుతాం కాబట్టి అన్నావు. ఆ మాటకు పాత ఇంగ్లీషులో గీయడం, గీరడం అని అర్థం. జర్మన్‌లో దాని తోబుట్టువుకు ఇవాళ్టికీ చింపడం అనే అర్థం ఉంది. మెలికకు చోటే లేదు. ప్లేరైట్ అన్నప్పుడు వచ్చే రైట్ (wright) ఇంకొకటి, దాని స్పెల్లింగే వేరు. నాటకం రాసేవాడు కనుక రాయడంలోంచే పుట్టిందనుకుంటారు చాలామంది. అది వర్క్‌కు చుట్టం, పనివాడని అర్థం. ఓడలు కట్టేవాడు షిప్‌రైట్, బండిచక్రాలు చేసేవాడు వీల్‌రైట్, నాటకం కట్టేవాడు ప్లేరైట్. వర్క్‌లో ఆ రెండక్షరాల మధ్య అచ్చు ఉంది కదా, వాడుకలో ఆర్ ముందుకు జరిగి డబ్ల్యూ పక్కన చేరింది.

ఈ జరుగుబాటు తెలుగులోనూ ఉంది, నువ్వు తడబడింది కూడా అక్కడే. మన వ్రాయు, ఇంగ్లీషు రైట్ రెండింటిలోనూ వకారం, రేఫ (ర ధ్వని) పక్కపక్కన ఉన్నాయనీ, రెండింటిలోనూ పలుకుబడిలో వకారం పోయిందనీ గమనించావు. మంచి గమనింపే. ఇంగ్లీషులో అది 17వ శతాబ్దంలో పోయింది, మనమూ రాయడం అనే అంటున్నాం. దాన్నిబట్టి రెండు మాటలకూ ఒకే మూలం కట్టబెట్టడం మాత్రం చెల్లదు. పక్కింటి భాషలు చూడు. తమిళంలో వరై అంటే గీయడం, కన్నడంలో బరె అంటే రాయడం. రెండింటిలోనూ మొదటి హల్లుకూ రేఫకూ మధ్య అచ్చు నిలిచి ఉంది. తెలుగులో రేఫ ముందుకు జరిగి ‘వ్రా’ అయింది. చుట్టరికం వాటితో. ఇంగ్లీషుతో పోలిక కాకతాళీయం.

అందుకే చెబుతున్నాను, ఇవాళ్టి స్పెల్లింగు చూసి తీర్పు చెప్పకు. పాత రూపం వెతుకు, బంధుభాషల్లో దాని తోటిమాట వెతుకు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1884 నుంచి 1928 దాకా భాగాలుగా వెలువడింది. ఎందరో పాఠకులు పాత పుస్తకాల్లోంచి వాక్యాలు చీటీల మీద ఎత్తిరాసి పంపితే, వాటిని కాలక్రమంలో పేర్చి అర్థాలు తేల్చారు. అర్థం ఒక్కటే చూసి పుస్తకం మూసేయకు, ఆ వాక్యాలు చదువు.

రెచ్ (wretch) అనే మాట నీ వ్యాసంలో లేనే లేదు. నీ సిద్ధాంతానికి లొంగదని వదిలేశావేమో. ఇవాళ దీనుడు, నీచుడు అని అర్థం. పాత ఇంగ్లీషులో దేశం నుంచి వెళ్లగొట్టినవాడు. జర్మన్‌లో అదే మాట రెకె, వీరుడు! సొంత గడ్డకు దూరమై తిరిగేవాడు ఒక భాషలో దిక్కులేనివాడయ్యాడు, మరో భాషలో కథానాయకుడయ్యాడు. వ్యాసం ఈ మాటతో మొదలుపెట్టి తిరగరాయి. రాంగ్‌కు ఒక పూర్తి పేరా ఇవ్వు. వ్రాయు గురించిన భాగంలో ఇంగ్లీషును తీసేసి కన్నడ, తమిళాలను పెట్టు. పూర్తయ్యాక నాకు పంపు, వెంటనే చదువుతాను.

నీ శ్రేయోభిలాషి