తీగ గోడను పాడు చేయదు, గుంజి పీకితేనే పాడవుతుంది

కొత్త ఇంటి పడమటి ప్రహరీకి పచ్చగా పాకే ఫైకస్ తీగ పెట్టాలనుకుంటున్నామని, గోడ పగులుతుందని మేస్త్రీ భయపెడుతున్నాడని, మన వరంగల్ ఎండలకు అది బతుకుతుందా, పాములు వస్తాయా అని అడిగారు. నా జవాబు ముందే చెప్తాను. తప్పకుండా పెట్టండి. కానీ ప్రహరీకే పెట్టండి, ఇంటి గోడకు పాకనివ్వకండి. ఈ రెండో మాట నాకు తెలిసి వచ్చేసరికి పద్దెనిమిదేళ్లు గడిచాయి.

మాది హన్మకొండ. మా మామయ్య కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి 2004లో రిటైరయ్యారు. ఆ ఏడు మిరుగం పడగానే, పాత క్వార్టర్ల దగ్గర రాతిగోడ మీద పాకిన తీగ నుంచి నాలుగు ముక్కలు కోసుకొచ్చి మా ప్రహరీ పక్కన నాటారు. మా అత్తమ్మకు అస్సలు ఇష్టం లేదు. రావి, మర్రి, మేడి జాతి చెట్టు ఇంట్లో పెట్టొద్దంటారు కదా, తుంచితే పాలు కారడం చూసి అది ఆ జాతిదేనని ఆమెకు వెంటనే అర్థమైంది. ఆమె పోలిక తప్పు కాదు. ఇది కూడా ఆ కుటుంబంలోదే. కాకపోతే చైనా, జపాన్, వియత్నాం వైపు పుట్టిన తీగ, మన దగ్గరి మొక్క కాదు. అసలు పేరు ఫైకస్ ప్యుమిలా. నర్సరీలో ఫైకస్ క్రీపర్ అనో వాల్ క్రీపర్ అనో అడిగితే ఇస్తారు.

గోడలు పగలగొట్టేది ఈ తీగ కాదు, రావి. పక్షి వేసిన రెట్టలోంచి గింజ గోడ సందులో మొలుస్తుంది, వేరు లోపలికి దిగుతుంది, ఆ వేరు లావెక్కేకొద్దీ రాయి పక్కకు జరుగుతుంది. పాత గుళ్ల మీద, కోట గోడల మీద మొలిచిన రావి మొక్కను చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఫైకస్ తీగ అట్లా లోపలికి దిగేది కాదు. కాండం నుంచి సన్నని వేళ్లు వచ్చి, జిగురులాంటిది వదిలి గోడ పైపైన అంటుకుంటాయి. గోడకు ముందే పగులు ఉంటే మాత్రం అందులోకి పోతాయి, అందుకే నాటే ముందు పగుళ్లు పూడ్పించాలి. గట్టి గోడకు దీనివల్ల ఏమీ కాదు. మేస్త్రీలు రావిని, దీన్ని ఒకే గాట కట్టేసి జనాన్ని భయపెడుతున్నారు.

ఇక నా గోడ సంగతి. మా ప్రహరీ రాతిది, దాన్ని ఆనుకుని స్టోర్ రూమ్ ఇటుక గోడ ఉండేది. మామయ్య ఉన్నన్నాళ్లు తీగ ఆ మూల దాటకుండా నెలకోసారి కత్తిరించేవారు. ఆయన 2019లో పోయారు. తర్వాత నేను కత్తిరించలేదు. ఆయన నాటింది కదా, పోనీలే పాకనీ అనుకున్నాను. రెండేళ్లలో స్టోర్ రూమ్ గోడంతా కమ్మేసింది. చూడ్డానికి ఎంత బాగుండేదో! మే నెలలో కూడా ఆ గదిలోకి పోతే చల్లగా ఉండేది.

2022 వేసవిలో మా పెద్దమ్మాయి పెళ్లి. పదిహేను రోజుల ముందు ఇంటికి రంగులు వేయించాం. నేను పెళ్లి బట్టలకు వరంగల్ చౌరస్తా వైపు వెళ్లాను. సాయంత్రం ఆటో దిగి గేటు తీసేసరికి వాకిట్లో తీగంతా చాప చుట్టినట్టు చుట్టి పడేసి ఉంది. మణికట్టంత లావు మొదలు తెగిన చోట పాలు కారి గచ్చు మీద గడ్డ కట్టాయి. తీగతో పాటు గోడ ప్లాస్టరింగ్ పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది, కొన్ని చోట్ల ఇటుకలు బయటపడ్డాయి. పెయింటర్‌ను అడిగితే, "గిది ఉంటే రంగు యెట్ల పడ్తది మేడం, గడ్డపార పెట్టి గుంజినం, గోడే కచ్చగున్నది" అన్నాడు. పద్దెనిమిదేళ్లు నిలబడ్డ గోడ ఆ ఒక్క పూటలో కచ్చగా అయిపోయిందట! అత్తమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఒకప్పుడు ఆ మొక్క వద్దన్న మనిషి. "మీ మామ చేత్తోని పెట్టింది కదనే" అని ఒక్క మాట అంది, ఆ రాత్రి అన్నం తినలేదు.

ప్లాస్టరింగ్ మళ్లీ చేయిస్తే ఆరడానికి టైం లేదు. అంతలో డెకరేషన్ వాళ్లు వచ్చి, మచ్చలు కనపడకుండా ఆ గోడకు ప్లాస్టిక్ ఆకుల షీటు కట్టారు. పెళ్లి ఫోటోల్లో మా అమ్మాయి వెనక కనిపించేది ఆ షీటే. బతికున్న ఆకును పీకేసి అదే చోట ప్లాస్టిక్ ఆకు కట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఫంక్షన్ హాళ్లలో, హోటళ్లలో, ఆఖరికి ఇళ్ల బాల్కనీల్లో కూడా ఆ షీట్లే. రెండు ఎండాకాలాలకు వెలిసిపోయి దుమ్ము పట్టి పొడి రాలుతుంటాయి.

అందుకే చెప్తున్నాను, ఈ తీగను తీయాల్సి వస్తే గుంజొద్దు. నేల దగ్గర మొదలు కోసేసి కొన్ని వారాలు అట్లే వదిలేయాలి. పూర్తిగా ఎండాక పట్టు సడలుతుంది, అప్పుడు మెల్లగా కొంచెం కొంచెం తీయాలి. వేళ్ల గోధుమరంగు గుర్తులు మాత్రం ఉండిపోతాయి, ఇనుప బ్రష్‌తో రుద్దాల్సిందే. ఈ తిప్పలన్నీ వద్దనే ఇంటి గోడకు పెట్టొద్దంటున్నాను. సున్నం గోడకైతే అసలే వద్దు, తీగ బరువుకు సున్నమే పెచ్చులూడుతుంది. నున్నగా మెరిసే రంగు వేసిన గోడకు అంత సులువుగా అంటుకోదు. మన దగ్గర దొరికే గ్రానైట్ రాతి ప్రహరీ, రంగు వేయని గరుకు సిమెంటు గోడ దీనికి పుట్టిల్లు లాంటివి.

మీది పడమటి గోడ కాబట్టి మొదటి ఎండాకాలమే పరీక్ష. ఎండాకాలంలో గోడ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, లేత వేరు ఆ వేడికి పట్టుకోలేక మాడిపోతుంది. మిరుగం వానలు పడగానే నాటితే ఎండలు ముదిరేసరికి కొంత పట్టు దొరుకుతుంది. రోహిణి కార్తెలో నాటి, చచ్చిపోయిందని నర్సరీవాణ్ని తిట్టొద్దు. గోడ కట్టినప్పుడు పడేసిన సిమెంటు, కంకర పునాది పక్కనే పూడిపోయి ఉంటాయి, ముందు అవన్నీ తవ్వి తీసేయండి. అడుగున్నర గుంత తీసి ఎర్రమట్టి, బాగా మాగిన పెంట ఎరువు కలిపి నింపండి. మీది నల్లరేగడి అయితే ఇసుక కూడా కలపండి, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. గోడకు జానెడు దూరంలో, మొక్కకు మొక్కకు మధ్య మూడు నాలుగు అడుగులు వదిలి నాటండి. మొదటి వేసవిలో పొద్దున మొక్క మొదలుకు నీళ్లు పోయడమే కాదు, సాయంత్రం గోడను కూడా తడపండి. గ్రీన్ షేడ్ నెట్ ఒకటి అడ్డం కట్టగలిగితే ఇంకా మంచిది. రెండో ఏడు నుంచి వారానికి రెండు సార్లు నీళ్లు పోసినా చాలు.

నాటిన రోజే మీరు చేయాల్సింది ఇంకొకటి ఉంది, నర్సరీవాళ్లు దీన్ని చెప్పరు. పొడుగ్గా వేలాడుతున్న తీగలన్నీ జానెడు వదిలి కత్తిరించేయండి. డబ్బు పెట్టి కొన్న తీగను కోయాలంటే మనసొప్పదు, నాకు తెలుసు. కానీ పాత తీగను టేపు వేసి గోడకు అతికించినా పట్టుకోదు. కొత్తగా వచ్చిన చిగురే గోడను పట్టుకుంటుంది. మా మామయ్య కత్తిరిస్తుంటే నేను అయ్యో అయ్యో అన్నాను. "ఓపిక పట్టు బిడ్డా, మొదటేడు కూసుంటది, రెండో ఏడు నడుస్తది, మూడో ఏడు ఉరుకుతది" అన్నారు. సరిగ్గా అట్లే అయింది.

కొనేటప్పుడు ఆకు చూడండి. గోడకు పాకే లేత తీగ ఆకు చిన్నగా, పలుచగా, రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది. తీగ ముదిరి గోడ పైకి చేరాక ఇంకో రకం కొమ్మలు వస్తాయి. అవి గోడను పట్టుకోకుండా బయటికి పొడుచుకొస్తాయి, ఆకులు అంతకు మూడింతలు పెద్దగా మందంగా ఉంటాయి, వాటికే కాయలు కాస్తాయి. ఆ ముదురు కొమ్మ కోసి నాటితే అది గోడ ఎక్కదు, పొదలా పెరుగుతుంది. మా చెల్లెలికి ఒకచోట అట్లాంటి మొక్కే అంటగట్టారు. రెండేళ్లు నీళ్లు పోసింది, గోడకు ఒక్క ఆకు అంటుకోలేదు. గోడ నిండాక కూడా ఏడాదికి రెండు మూడు సార్లు ఈ పొడుచుకొచ్చే కొమ్మల్ని గోడ దాకా కత్తిరించేయాలి. చేతికి గ్లౌజులు వేసుకోండి, ఆ పాలు తగిలితే దురద పెడుతుంది.

కత్తిరించకపోతే ఏమవుతుందో మా ఇంట్లో కోతులు నేర్పాయి. వరంగల్ చుట్టుపక్కల కోతుల బాధ పడని ఇల్లు ఉందా? మా జామచెట్టు మీద, పాదు మీద ఇంత వరకు మాకు ఒక్క కాయ మిగిలింది లేదు. ఈ తీగ కాయలు నిమ్మకాయంత, అంజీరలా ఉంటాయి. కోతులు వాటికోసం వచ్చి, కొరికి, రుచి లేక వాకిలంతా పారేసేవి, కొమ్మల్ని విరిచేవి. ఆ కొమ్మలు తీసేశాక గోడ మీదకు రావడం తగ్గింది. ఆ కాయ తైవాన్‌లో జెల్లీకి వాడతారని మా చిన్నోడు ఫోన్లో చూసి, మా కాయలు కోసి గుడ్డలో కట్టి నీళ్లలో పిసికాడు. ఏమీ రాలేదు. అక్కడ వాడేది ఇందులోనే వేరే రకం, పైగా జెల్లీ కట్టేది గింజల నుంచి. ఈ కాయలోకి దూరి పరాగం మోసే ప్రత్యేకమైన చిన్న కందిరీగ ఉంటేనే గింజ కడుతుంది. మా కాయ కోస్తే లోపల బోలుగా ఉంటుంది, అంతే.

పాముల సంగతి అడిగారు. పద్దెనిమిదేళ్లలో మా తీగలో పాము కనపడలేదు. బల్లులు, తొండలు ఉంటాయి, పిచ్చుకలు దూరుతాయి. ఒకసారి కందిరీగలు తుట్టె పెట్టాయి, తీగ మందంగా పెరగనిస్తేనే అట్లా జరుగుతుంది. తీగ మొదలు దగ్గర చెత్త, ఇటుకలు కుప్ప పోయకుండా మూరెడు జాగా శుభ్రంగా ఉంచండి.

పెళ్లయిన నెలకు వానలు మొదలయ్యాయి. గడ్డపార దెబ్బ తిన్న మొదలు నుంచి, నేలలో మిగిలిన ముక్క నుంచి వేలిగోరంత ఆకులు రెండు వచ్చాయి. అత్తమ్మే ముందు చూసింది. ఈసారి ఆమె రెండు ఇటుకలు అడ్డం పెట్టి, తీగ మొహం స్టోర్ రూమ్ వైపు కాకుండా రాతి ప్రహరీ వైపు తిప్పింది. ఇప్పుడది గేటు స్తంభం దాకా వచ్చింది. మూల దాటితే నేనే కత్తిరిస్తున్నాను.