గడ్డం ఎడమ భుజానికి ఆనిస్తే

చిట్టీ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. పదేళ్లు లెక్కలు చెప్పినదానివి, ఇప్పుడు స్పెషల్ బీఎడ్‌లో చేరుతున్నావట. అది పూర్తయ్యాక మీ బడిలో ప్రత్యేక అవసరాల పిల్లల పని మొత్తం నీకే అప్పజెబుతామని ప్రిన్సిపాల్ గారు అన్నారట. మన ఇంట్లో ఇంకొకరు ఈ పనిలోకి వస్తున్నారని ఎంత మురిసిపోయానో! ఆ వెంటనే గుబులు పట్టుకుంది. తెల్లవారుజామున లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ముందు కాగితాల సంగతి. చేరబోయే కాలేజీకి, ఆ కోర్సుకి, ఈ ఏడాదికి ఆర్‌సీఐ (ఇలాంటి కోర్సులకి గుర్తింపునిచ్చే భారత పునరావాస మండలి) గుర్తింపు ఉందో లేదో నువ్వే చూసుకో, ఎవరి మాటా నమ్మకు. పాసయ్యాక ఆ మండలి వాళ్ల సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకో. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఒక్కసారైనా మొదటి నుంచి చివరిదాకా చదువు. మా రోజుల్లో, అంటే 1995 చట్టంలో, ఏడు వైకల్యాలే ఉండేవి. ఇప్పుడు 21. ఆటిజం పిల్లలు, అక్షరాలు తికమకపడే పిల్లలు అప్పటి జాబితాలో లేరు. "మొద్దు" అనిపించుకుని వెనక బెంచీలోనే ఉండిపోయారు. వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే.

నేను చదివింది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో. బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ అది. అప్పుడు ఎన్‌ఐఎంహెచ్ అనేవాళ్లం, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అయింది. చొక్కా గుండీ పెట్టుకోవడాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కా పిల్లాడికి ఎలా నేర్పాలో అక్కడే నేర్చుకున్నాను. రాత్రి హాస్టల్లో నా జాకెట్టు గుండీలు నేనే పెట్టుకుంటూ, విప్పుకుంటూ, వేళ్లు ఏ క్షణాన ఏం చేస్తున్నాయో రాసుకునేదాన్ని. పిల్లకి నేర్పడం బాగా వచ్చింది. పక్క టీచరుకి నేర్పడం కూడా నా పనేనని మాత్రం బుర్రకెక్కలేదు.

అందువల్ల ఏం జరిగిందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

ఒక పిల్ల ఉండేది. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపు తప్పడం. మాట లేదు, చేతులు స్వాధీనంలో ఉండవు, తెలివి మాత్రం కళ్లలో మిలమిలలాడేది. మేమిద్దరం ఒక భాష కుదుర్చుకున్నాం. కళ్లు పైకెత్తితే అవును. గట్టిగా మూసుకుంటే కాదు. గడ్డం ఎడమ భుజానికి ఆనిస్తే బాత్రూమ్‌కి వెళ్లాలని. ఆ భాషలోనే రెండంకెల కూడికలు చేసేది. నేను నాలుగు జవాబులు చదివితే సరైనదాని దగ్గర కళ్లు పైకెత్తేది. హెడ్మాస్టారు వచ్చినవాళ్లకల్లా చూపించేవారు. నేను పొంగిపోయేదాన్ని.

మీ అమ్మమ్మ తుంటి విరిగి మంచాన పడింది గుర్తుందా? నువ్వప్పుడు మూడో తరగతి. నాలుగు నెలలు సెలవు పెట్టాను. ఆ పిల్ల ఫైలు ఇంత లావున బీరువాలో పెట్టి వెళ్లాను. వైకల్యం శాతం, వ్యాయామాలు, మూడు నెలల లక్ష్యాలు, అన్నీ ఉన్నాయి అందులో. గడ్డం సంగతి లేదు. అది కాగితం మీద పెట్టాల్సిన విషయమని నాకు తోచలేదమ్మా.

వారం తిరక్కుండానే తరగతిలో బట్టలు తడుపుకుంది. పిల్లలు నవ్వారు. ఆయా కసిరింది. మర్నాడు మళ్లీ అదే. గడ్డం భుజానికి ఆనిస్తూనే ఉందట పాపం, మెడ నొప్పేమో అనుకున్నారు. పక్కన కూర్చునే పిల్లకి ఆ సైగ తెలుసు. దాన్ని ఎవరూ అడగలేదు. పదిహేనో రోజు నుంచి బడి మానేసింది.

తిరిగొచ్చి వాళ్లింటికి పరిగెత్తాను. వాళ్లమ్మ గడపలో నిలబడి, "మీరుంటేనే మా పిల్లకి బడి టీచరమ్మా" అంది. పొగిడిందనుకున్నాను. ఆ మాట లోతు తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ పిల్ల మళ్లీ రాలేదు. ఆ వేసవిలోనే ఇటుక బట్టీ పనికి ఊరు విడిచి వెళ్లిపోయారు.

నీ విషయంలో నా భయం ఇదే. నువ్వు అన్నీ మీదేసుకునే మనిషివి. మీ అన్న పెళ్లిలో ఒక్కరినీ గరిటె ముట్టుకోనివ్వలేదు నువ్వు! అందరూ మెచ్చుకున్నారు. నాకు నచ్చలేదు, అప్పుడు అనలేకపోయాను. పిల్లల దగ్గర ఆ గుణం పనికిరాదు. కోపం తెచ్చుకోకు తల్లీ, నన్ను నేను చూసుకున్నట్టే ఉంటుంది నిన్ను చూస్తే.

ఒక్కో పిల్లకీ ఒక్క పేజీ రాయి. ఐఈపీ, అదే ఒక్కో పిల్లకీ విడిగా వేసే చదువు ప్రణాళిక, ఎటూ రాస్తావు, ఇది వేరే. అవును ఎలా చెబుతుంది, దాహం ఎలా చెబుతుంది, ఏ చప్పుడుకి బెదురుతుంది, ఎటువైపు కూర్చోబెడితే బోర్డు చూడగలదు. అది క్లాసు టీచరు చేతిలో ఉండాలి, నీ బీరువాలో కాదు. ఆయాకి, వ్యాను డ్రైవరుకి చదివి వినిపించు. స్టాఫ్ మీటింగులో ఉపన్యాసం ఇస్తే ఎవరి చెవికీ ఎక్కదు. ఒక్కో టీచర్నీ పది నిమిషాలు పిల్ల పక్కన కూర్చోబెట్టి, నువ్వు నోరు కట్టుకుని చూస్తూ ఉండు. వాళ్లు తప్పు చేస్తారు, చేయనీ. అప్పుడప్పుడు కావాలనే ఒకరోజు సెలవు పెట్టు. మర్నాడు వెళ్లి ఏది జరిగిందో, ఏది ఆగిపోయిందో అడుగు.

ఇంకొకటి. స్పెషల్ టీచర్ల లెక్క ఖరారు చెయ్యమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, ప్రాథమిక స్థాయిలో పదిమందికి, ఆపైన పదిహేను మందికి ఒకరు ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. నలభై మందిని నీకొక్కదానికే కట్టబెడితే తలూపకు, ఈ మాట మర్యాదగా గుర్తుచెయ్యి. వేళకి తిను, రాత్రి ఫైళ్లు ఇంటికి మోసుకురాకు.

ఆదివారం మీ అమ్మతో నా పాత నోటు పుస్తకాలు పంపిస్తాను, గుండీల లెక్క అందులో ఉంది. ఈలోగా నాకొక్క పని చేసిపెట్టు. మీ బడిలో చిన్న పిల్లల్ని బాత్రూమ్‌కి తీసుకెళ్లే ఆయా పేరేంటో, ఎన్నేళ్లుగా చేస్తోందో కనుక్కుని రాయి.

మీ పెద్దమ్మ